సైకిలును తోలుకొనిరా

అమ్మాయీ,

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా సైకిలు తొక్కుతానంటాండావని మీ నాయన నిన్న ఫోన్ చేసినాడు. "నువ్వు చెప్తే ఇంటాది, కొంచెం బెదిరించన్నా" అని వాని బాధ. సరేలే అని పెట్టేసినాను గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే అటక మీది పాత మ్యాపు దించి దుమ్ము దులుపుతాంటే మీ పెద్దమ్మ చూసి, "బెదిరించేవాళ్ళ మొగం ఇట్లుంటాదా?" అనింది.

తెలిసిన సంగతులు తొందరగా చెప్పేస్తా. బనిహాల్ కనుమ దగ్గర మంచు పడకముందే కిందికి దిగేట్టు అక్టోబరు మొదట్లోనే బయలుదేరు. సొరంగం దగ్గర సైకిలు పోగూడదంటే బండెక్కించు, పౌరుషానికి పోవద్దు. పోకులు ఇరిగేది వెనక చక్రానివే, బరువంతా దాని మీదే కదా, నాలుగు ఎక్కువ పెట్టుకో. దప్పికయ్యేదాకా ఆగకుండా నీళ్ళు తాగు. బరువంతా అరచేతుల మీద మోపి తొక్కినావంటే చిటికెనవేలికి పోయే నరం నలుగుతాది. నేనూ ఒకప్పుడు ఈ దారి తొక్కినాను గదా, తిరిగొచ్చినాక నెల దినాలు చొక్కా గుండీలు మీ పెద్దమ్మతో పెట్టించుకున్న్యాను. పెండ్లయి ఏడాది కూడా కాలేదు అప్పటికి. ఆమె ఇంకా దెప్పుతానే ఉంటాది.

సివనీ దాటినాక పెంచ్ అడవిలో పులులుంటాయని మీ అమ్మ ఏడుస్తాందంట. పులికి నీతో ఏం పని? నాకు భయం లారీలే. అదీ పోయే లారీ కాదు, చీకట్లో వెనక లైటు లేకుండా రోడ్డు పక్కన నిలిపిన లారీ. డోన్ కివతల ఒకదానికి గుద్దుకోబోయి జానెడు దూరంలో ఆగినాను. ఆ లారీ వెనక తెరిచిన డాలా ఇప్పటికీ కలలోకొస్తాది. పొద్దు మునిగితే ఎక్కడుంటే అక్కడ దిగెయ్. పెట్రోలు బంకు కానీ, గుడి కానీ, గురుద్వారా కానీ. ఇంకో పది కిలోమీటర్లే గదా అనుకున్న్యావంటే నా మీద ఒట్టు.

ఇంక అసలు సంగతి. ఇది మీ నాయనకు కూడా సరిగ్గా తెలీదు.

నేను 1985లో తొక్కింది మీ జేజినాయన సైకిలు. నీ గేర్ల సైకిలు ఖరీదు మా ఎద్దుల జత కన్నా ఎక్కువంట గానీ, ఇది ఇరవై రెండు సైజు నల్ల సైకిలు. కారియర్ మీద శెనక్కాయల మూట గుత్తికి మోసింది, మీ నాయన కడ్డీ కింద కాలు దూర్చి నేర్చుకునింది దాని మీదే. దాన్ని రైల్లో జమ్ముకు బుక్ చేసి, అక్కణ్ణుంచి లారీ మీద శ్రీనగర్ చేర్చి, అంతా తొక్కుకుంటా ముప్పై ఆరో దినానికి గుత్తికొచ్చినాను. మన రోడ్డే కదా, అప్పుడది ఏడో నంబరు, ఇప్పుడు నలభై నాలుగు. ఆ రాత్రి నేను ఓళిగలు తిని పండుకుంటే మా నాయన లాంతరు పెట్టుకొని సైకిలంతా ఇప్పి ఓవరాయిలింగ్ చేసినాడు. బేరింగు గుండ్లు కిరసనాయిల్లో కడిగి, గ్రీజు పెట్టి, తెల్లారి నా చేతికిచ్చి, "తోలుకొని రా నాయనా" అన్న్యాడు. సైకిలును కూడా ఎద్దు మాదిరే మాట్లాడేవాడు ఆయన.

నలభై ఏడో దినం. తిరునెల్వేలి నుంచి చివరి ఎనభై చిల్లర కిలోమీటర్లూ వానలోనే. కన్యాకుమారిలో రోడ్డు అయిపోయింది. ముందర సముద్రం, వివేకానందుని బండ. పక్క బండ మీద ఇప్పుడున్న తిరువళ్ళువర్ విగ్రహం అప్పటికి లేదు, అది 2000లో పెట్టినారు. ఏడుస్తాననుకున్న్యా, ఎగురుతాననుకున్న్యా. ఏమీ రాలేదు. గవ్వల దండలమ్మే పిల్లోడు "వేణుమా సార్?" అన్న్యాడు, వద్దన్న్యాను. అంతే. రేపు ఎక్కడికి పోవాలని మ్యాపు చూసుకునే పని లేదు, ఆ పని లేకపోయేసరికి నాలో ఏదో కూలబడిపోయింది. సత్రంలో రెండు దినాలు గోడ తట్టు తిరిగి పండుకున్న్యాను. మూడో దినం గోడకానించిన సైకిలును చూస్తే అసహ్యమేసింది. దాన్ని బుక్ చెయ్యాల, రైళ్ళు మారాల, ఎవరు పడతారు అనిపించింది. సత్రం దగ్గర టెంకాయలమ్మే ఆయనకు నూట ఇరవై రూపాయలకు ఇచ్చేసినాను. జమ్ముకు బుక్ చేసినవానికి గుత్తికి బుక్ చెయ్యడం చేతగాదా? అది నన్ను నేను ఎన్ని సార్లడిగినానో.

గుత్తి స్టేషన్లో దిగితే మా నాయన ప్లాట్‌ఫారం మీద లేడు. యాడున్న్యాడా అని చూస్తే రైలు చివర, లగేజీ పెట్టె కాడ నిలబడున్న్యాడు. చేతిలో నూనె డబ్బా, భుజం మీద పాత లుంగీ గుడ్డ. రైలు కదిలిపోయేదాకా ఆ తలుపు తట్టే చూసినాడు. నేను దగ్గరికి పోతే, "కూడు తిన్న్యావా?" అన్న్యాడు. ఇంటికి మూడు మైళ్ళు ఇద్దరం నడిచినాం. ఏమీ అడగలేదు. తిట్టింటే బాగుండు.

అందుకే చెప్తాండా. చేరినాక మూడు దినాలు, కాదు వారం, ఏమీ తేల్చుకోవద్దు. సైకిలు అమ్మడం, ఉద్యోగం మానడం, ఇంకెప్పుడూ తొక్కనని ఒట్టు పెట్టుకోవడం, ఆ వారంలో ఏదీ వద్దు. ఆ వారంలో మాట్లాడేది నువ్వు కాదు, నీ అలసట. కడుపునిండా తిను, నిద్రపో, సాయంత్రం ఊరికే ఒక అర్ధగంట సైకిలు తొక్కి రా. కాళ్ళను ఉన్నపళంగా ఆపితే మనసు కూడా పట్టుకుంటాది.

రిటర్న్ టికెట్టుతో పాటే సైకిలు బుకింగ్ సంగతి ఇప్పుడే తెలుసుకొని పెట్టుకో. డబ్బులు నేను పంపిస్తా, మీ నాయన్ను అడగొద్దు.

ఇప్పుడు పెద్దరోడ్డు గుత్తి బయటినుంచే పోతాంది. కోట కనపడినాక ఊర్లోకి తిరుగు. ఓళిగలు ఉంటాయి. పొద్దున ఉగ్గాని, బజ్జీ. మీ గేర్లు నాకు రావు గానీ గుండ్లు కడగడం మర్చిపోలేదు.

ఇట్లు,
పెద్దనాయన

మీ అమ్మకు ఈ ఉత్తరం చూపించొద్దు. లారీ సంగతి రాసినాను.