పైడిభీమవరంలో ఉద్యోగమా, ఎచ్చెర్లలో ఎమ్మెస్సీనా?

తమ్ముడూ, పైడిభీమవరం ఫార్మా కంపెనీలో చేరి కెమిస్ట్రీ ఎమ్మెస్సీ దూరవిద్యలో చేసేయనా, ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీలో రెగ్యులర్‌గా చదవనా అన్నావు కదా, పీజీ ప్రవేశ పరీక్ష పీజీసెట్‌లో సీటొస్తే చదువుకే వెళ్లు. కెమిస్ట్రీ పుస్తకంతో రాదు, ల్యాబ్‌లో చెయ్యి తిరగాలి, పక్కనే అడగడానికి మాస్టారుండాలి. బీఎస్సీ వాళ్లని ఎక్కువగా ప్రొడక్షన్ షిఫ్టుల్లోనే వేస్తారు, ఆర్ అండ్ డీ (పరిశోధన విభాగం) అంటే ఎమ్మెస్సీ అడుగుతారు. ఇంకోటి, ఎమ్మెస్సీలో 55 శాతం మార్కులు (ఓబీసీ, ఎస్సీ, ఎస్టీలకు 50) ఉంటే సీఎస్ఐఆర్ నెట్ (సైన్స్‌లో పరిశోధనకి, లెక్చరర్ ఉద్యోగానికి అర్హత పరీక్ష) రాయొచ్చు, అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వచ్చి పీహెచ్‌డీలో చేరితే నెలకి 37,000 రూపాయలు ఇస్తారు, ఆ పరీక్షకి కలిసి చదివే జట్టు దొరికేదీ క్యాంపస్‌లోనే (హాస్టల్ భోజనం గురించి మాత్రం నన్నడక్కు). ఇంట్లో నిజంగా డబ్బు ఇబ్బందుంటే ముందు స్కాలర్‌షిప్ సంగతి కనుక్కో, అదీ కుదరకపోతే అప్పుడు ఉద్యోగం.