ఆ పోస్టర్‌లో ఉన్న మనిషిని అడిగారా?

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

సేవా సంస్థల్లో పోస్టర్లు రాయిస్తూ, ప్రెస్‌నోట్లు పంపుతూ, ఫొటోలు తీయిస్తూ ఇరవై ఆరేళ్లు గడిపాను. ఈమధ్య కొన్నేళ్లుగా, ఆ రంగంలో మంచి కమ్యూనికేషన్ పనికి ఇచ్చే అవార్డుల జ్యూరీలో కూర్చుంటున్నాను. పోయిన నెల ఆ సంగతి మాటవరసకి ఇక్కడ రాస్తే ఉత్తరాలు వచ్చిపడ్డాయి. కొన్నిటి నిండా ఆశ, కొన్నిటి నిండా కోపం. అయిదు ఏరాను.

ప్రశ్న: మాది చిన్న సంస్థ. కమ్యూనికేషన్ విభాగం అంటే నేనొక్కదాన్నే. పోస్టర్, వార్షిక నివేదిక, ఫేస్‌బుక్ పేజీ అన్నీ నా నెత్తినే. ఈ ఏడాది అవార్డుకి ఎంట్రీ పంపమన్నారు. పెద్ద పెద్ద సంస్థల పక్కన మా కాగితాలు ఎవరు చూస్తారండీ? అసలు ఏం రాయాలి?
- ఒక పాఠకురాలు

జవాబు: చూస్తామమ్మా. పెద్ద సంస్థల ఎంట్రీలు మమ్మల్ని కట్టిపడేస్తాయని మీరు అనుకుంటున్నారేమో, నిజానికి నిద్రపుచ్చుతాయి. మెరిసే కాగితం, రంగురంగుల గ్రాఫులు, మొదటి వాక్యమే 'మా వీడియోని లక్షలమంది చూశారు' అని. సరే, చూసి ఏం చేశారు? ఆ పేరా చాలా ఎంట్రీల్లో ఉండదు.

నాకు ఇప్పటికీ కళ్లముందు ఉన్న ఎంట్రీ మూడంటే మూడు పేజీలు. ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ల కోసం హెల్ప్‌లైన్ నడిపే చిన్న సంస్థది. వాళ్లకి ఫోన్లు వస్తున్నాయి, కానీ ఇవతల ఎత్తగానే అవతల పెట్టేస్తున్నారు. ఏమిటా అని వాళ్ల కమ్యూనికేషన్ మనిషి నెల రోజులపాటు ఫోన్లు తీసేవాళ్ల పక్కనే కూర్చుని విన్నది. చివరికి తప్పు తను రాసిన కరపత్రంలోనే దొరికింది. 'మీ పూర్తి వివరాలతో మమ్మల్ని సంప్రదించండి' అని ఉంది అందులో. ఎవరు వింటున్నారో అని వణుకుతూ ఫోన్ చేసే మనిషిని పూర్తి వివరాలు అడిగితే ఇంకేం మాట్లాడుతుంది? ఆ వాక్యం కొట్టేసి, 'పేరు చెప్పక్కర్లేదు. మాట్లాడలేకపోతే ఊరికే లైన్లో ఉండండి' అని రాసింది. కాగితం సైజు కూడా తగ్గించింది, మడిస్తే పిడికిట్లో దాగేంతగా. ఆ తర్వాత మాట్లాడకుండా పెట్టేసే ఫోన్లు నెలనెలా ఎలా తగ్గుతూ వచ్చాయో చేత్తో గీసిన పట్టిక ఒకటి జతచేసింది. మొదటి కరపత్రం తనే రాసి చెడగొట్టానని కూడా ఒప్పుకుంది. మేం అయిదుగురం జ్యూరీలో. ఒక్కరూ వాదించలేదు. నా అనుభవంలో అలా జరగడం అదొక్కసారే.

కాబట్టి మీరు రాయాల్సింది కూడా అదే. ఎవరి విషయంలో ఏ మార్పు రావాలనుకున్నారు, మొదలుపెట్టే ముందు పరిస్థితి ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, ఎంత ఖర్చయింది. ముందు పరిస్థితి ఎక్కడా రాసిపెట్టుకోకపోతే తర్వాతది చెప్పినా నమ్మడం కష్టం. అది ఈ ఏడాదికి దాటిపోయి ఉంటే వచ్చే ఏడాది కోసం ఇవాళే మొదలుపెట్టండి. ఏది దెబ్బతిన్నదో కూడా రాయండి. తప్పులే లేని ఎంట్రీ చదివితే నాకు అనుమానం వస్తుంది. చిన్న బడ్జెట్ పనులకి విడిగా ఒక విభాగం ఉందేమో నిబంధనల్లో చూసుకోండి. చాలాచోట్ల ఉంటుంది, దానికి ఎంట్రీలు తక్కువ వస్తాయి.

ప్రశ్న: నేను ఏటా విరాళం ఇస్తాను. నా డబ్బు సేవకి వెళ్లాలిగానీ ప్రచారానికీ, ఆ ప్రచారానికి మళ్లీ సన్మానాలకీ ఎందుకు? ఇదంతా డబ్బా కొట్టుకోవడం కాదా?
- ఒక దాత

జవాబు: మీ ప్రశ్నలో సగం నాకూ ఉంది. ముందు మిగతా సగం సంగతి చెప్తాను.

1919లో లండన్‌లో, ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర కరపత్రాలు పంచుతున్న ఎగ్లంటైన్ జెబ్ అనే ఆవిడని పోలీసులు అరెస్టు చేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ఆగినా శత్రుదేశాల మీద బ్రిటన్, దాని మిత్రదేశాలు పెట్టిన దిగ్బంధం ఆగలేదు. అక్కడ పిల్లలు ఆకలికి మాడిపోతున్నారు. కరపత్రం మీద ఎముకలగూడుగా మిగిలిన ఒక పసిబిడ్డ ఫొటో ఉంది. సెన్సార్ అనుమతి తీసుకోలేదని కేసు. కోర్టు 5 పౌండ్ల జరిమానా వేసింది. విచిత్రం ఏమిటంటే, ఆవిడకి వ్యతిరేకంగా వాదించిన ప్రాసిక్యూటరే ఆ 5 పౌండ్లు తన జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆ ఏడాదే పుట్టిన సేవ్ ది చిల్డ్రన్ సంస్థకి అందిన మొదటి విరాళం అదేనని చెప్పుకుంటారు. ఆ కరపత్రం అచ్చు ఖర్చుని ఏ పద్దులో రాస్తారు మీరు, ప్రచారంలోనా, సేవలోనా?

ఇంకా దగ్గర్లోది కావాలంటే 2014లో వచ్చిన ఐస్ బకెట్ ఛాలెంజ్. నెత్తిన ఐస్ నీళ్లు కుమ్మరించుకుని వీడియో పెట్టడం పిచ్చి సరదాలా అనిపించింది నాకూ. దాని వెనక ఉన్నది ఏఎల్ఎస్. నరాలు ఒక్కొక్కటే చచ్చిపోతూ ఒళ్లంతా కదలకుండా పోయే జబ్బు అది. దాదాపు 1 కోటీ 70 లక్షలమంది వీడియోలు పెట్టారు. అమెరికాలోని ఏఎల్ఎస్ అసోసియేషన్‌కి ఆ వేసవిలో 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయంతో జరిగిన పరిశోధనలో ఈ జబ్బుతో సంబంధం ఉన్న ఎన్ఈకే1 అనే జన్యువు 2016లో బయటపడింది. మా వృత్తివాళ్లు గర్వపడబోయే ముందు ఒక మాట. ఇది ఏ కమ్యూనికేషన్ విభాగమూ గదిలో కూర్చుని కనిపెట్టింది కాదు. ఆ జబ్బు తగిలిన ఇద్దరు కుర్రాళ్లు, పీట్ ఫ్రేట్స్, ప్యాట్ క్విన్, పట్టుబట్టి లోకమంతా పాకించారు. తర్వాత ఏళ్లలో ఆ డబ్బు ఎటు వెళ్లిందో చెప్తూ రావడం మాత్రం సంస్థ పనే. నీళ్లు పోసుకోవడం కంటే కష్టమైన పని అది, దానికి ఎవరూ వీడియో తీయరు.

ఇక నేను మీతో కలిసే సగం. ఎంట్రీ ఫీజు, స్టార్ హోటల్లో విందు, బల్లకింత అని టికెట్లు. ఇవన్నీ చూసినప్పుడు నాకూ మింగుడుపడదు. మీరు విరాళమిచ్చే సంస్థకి ఉత్తరం రాసి అడగండి, ఆ ఖర్చు ఎవరు పెట్టుకున్నారని. అడగడం మీ హక్కు. నా సొంత లెక్క అయితే, పని చేసిన ఒక్క మనిషి దారి ఖర్చు సంస్థ ఇవ్వాలి, అంతకుమించి దాతల డబ్బులోంచి పైసా వెళ్లకూడదు.

ప్రశ్న: ఏడుస్తున్న పిల్ల ఫొటో వేస్తేనే జనం చెయ్యి జేబులోకి వెళ్తుందని మా సీనియర్ అంటారు. అది నిజమేనా? నిజమే అయితే అలాంటి ప్రచారానికి అవార్డు ఇవ్వచ్చా?
- కొత్తగా ఉద్యోగంలో చేరిన పాఠకుడు

జవాబు: మీ సీనియర్ మాటలో ఒక నిజం ఉంది, దాని పక్కన ఒక అబద్ధమూ ఉంది.

నిజం ఇది. 2007లో పాల్ స్లోవిక్, మరో ఇద్దరు పరిశోధకులు ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. మనుషుల చేతికి 5 డాలర్లు ఇచ్చి, సేవ్ ది చిల్డ్రన్‌కి ఎంత ఇస్తారో చూశారు. కొందరికి ఆఫ్రికా దేశం మాలిలో ఉండే రోకియా అనే ఏడేళ్ల పాప గురించి చెప్పారు. కొందరికి కరువులో ఎన్ని లక్షలమంది అల్లాడుతున్నారో అంకెలు ఇచ్చారు. ఇంకొందరికి రెండూ కలిపి ఇచ్చారు. పాప కథ చదివినవాళ్లు సగటున 2.38 డాలర్లు ఇచ్చారు, అంకెలు చదివినవాళ్లు 1.14. రెండూ చదివినవాళ్లు? 1.43. అంటే అంకెలు చేరేసరికి పాప కూడా వెనక్కి వెళ్లిపోయింది.

అయితే ఇందులో ఏడుపు ఎక్కడుంది? పేరున్న మనిషి ఒకరు కనిపిస్తే జనం స్పందిస్తారని తేలింది, అంతే. ఆ మనిషి ముక్కు కారుతూ, ఈగలు ముసురుతూ ఉండాలని ఎవరూ చెప్పలేదు. అబద్ధం అక్కడ చేరింది.

నా అల్మారాలో ఒక షీల్డు ఉంది. ఉద్యోగంలో ఏడో ఏట వచ్చింది, ఒక పోస్టర్‌కి. పోస్టర్‌లో నాలుగేళ్ల పిల్ల, చెంపల మీద చారలు. ఆ ఫొటో నేనే ఎంచాను. అదే రీల్లో ఆ పిల్ల నవ్వుతున్నవి ఆరో ఏడో ఉన్నాయి, వాటిని పక్కన పెట్టిందీ నేనే. విరాళాలు బాగా వచ్చాయి, షీల్డు వచ్చింది, నాకు ప్రమోషన్ వచ్చింది. పదకొండేళ్ల తర్వాత ఆ పిల్ల తల్లి ఆఫీసుకి వెతుక్కుంటూ వచ్చింది. 'అమ్మా, ఆ బొమ్మ ఇంకా మీ గోడ మీద ఉంది. మా అమ్మాయి పది చదువుతోంది. క్లాసులో దాన్ని ఫోన్లో చూపించి ఏడిపిస్తున్నారు. ఆరోజు అది ఆకలికి ఏడవలేదు, సూది వేశారని ఏడ్చింది' అంది. గోడ మీది పోస్టర్ ఆ సాయంత్రమే తీయించాను. ఫోన్లలోంచి ఎలా తీయించను? అనుమతి కాగితం మీద ఆవిడ వేలిముద్ర ఉందిలెండి. ఆ కాగితం దేనికో ఆవిడకి ఎవరూ చదివి వినిపించలేదు.

నార్వేలో ఎస్ఏఐహెచ్ అనే విద్యార్థుల సంస్థ 2012లో ఒక వెటకారం వీడియో చేసింది. చలికి గడ్డకట్టిపోతున్న పాపం నార్వేవాళ్ల కోసం ఆఫ్రికా ప్రజలు గది హీటర్లు విరాళమివ్వాలట! ఆ మరుసటి ఏడాది నుంచి కొన్నేళ్లపాటు ఆ గది హీటర్ (రేడియేటర్) పేరుతో అవార్డులే పెట్టారు. మనుషుల్ని గౌరవంగా చూపిన ప్రచారానికి బంగారు రేడియేటర్, దీనులుగా మాత్రమే చూపినదానికి తుప్పుపట్టిన రేడియేటర్. చెత్త పనికి కూడా బహుమతి ఉండాలన్న ఆ ఆలోచన నాకు భలే నచ్చింది. నా ఏడో ఏటి పోస్టర్‌కి ఏది వచ్చేదో మీకు విడిగా చెప్పక్కర్లేదు.

అవార్డు ఇవ్వచ్చా అన్నారు కదా. జ్యూరీలో నేను ఇప్పుడు అడిగే మొదటి ప్రశ్న, ఇందులో ఉన్న మనిషి దీన్ని చూశారా, చూసి ఏమన్నారు? దానికి జవాబు రాయని ఎంట్రీకి నా మార్కు పడదు. మిగతా సభ్యులతో ఈ విషయంలో నాకు ఏటా ఒక గొడవ ఖాయం.

ప్రశ్న: ప్రచారం ఆలోచన నాది, రాత నాది, రాత్రిళ్లు మేలుకుంది నేను. అవార్డు తీసుకోవడానికి స్టేజీ ఎక్కింది మాత్రం డైరెక్టర్ గారు. నా పేరు కూడా చెప్పలేదు. ఏం చేయాలి?
- పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: తమ్ముడూ, ఎంట్రీ ఫారంలో 'పనిచేసిన బృందం' అని ఒక గడి ఉంటుంది. వచ్చేసారి దాన్ని మీరే నింపండి, డిజైనర్ పేరు, ఫొటో తీసినవాళ్ల పేరు, డ్రైవర్ పేరుతో సహా. ఈసారికి పోయిందేదో పోయింది. కడుపుమంట తగ్గేదాకా మాత్రం రాజీనామా రాయకండి.

ప్రశ్న: మా ప్రచారానికి అవార్డు వచ్చింది. ఎవరి కథ చెప్పామో ఆయన్ని సభకి పిలిచి మాట్లాడిద్దామని అందరూ అంటున్నారు. నాకెందుకో ఇబ్బందిగా ఉంది. పిలవడం తప్పా?
- ఒక పాఠకురాలు

జవాబు: పిలవడం తప్పు కాదు, పిలిచి మళ్లీ ఏడిపించడం తప్పు. ఎంతమంది ఉంటారో, కెమెరాలు ఉంటాయో లేదో ముందే చెప్పండి. రానంటే 'మంచిదండీ' అని ఊరుకోండి, రెండోసారి అడగద్దు. వస్తానంటే దారి ఖర్చులు ముందే చేతిలో పెట్టండి. తెర మీద వేయబోయే వీడియో ఆయనకి ఇంటి దగ్గరే ఒకసారి చూపించండి. మాట్లాడతారా, ఊరికే కూర్చుంటారా అన్నది ఆయన ఇష్టం. ఏం మాట్లాడాలో మాత్రం రాసివ్వకండి.

మేం ఒకసారి అలాగే ఒకాయన్ని పిలిచాం. కంటిచూపు తగ్గినవాళ్ల కోసం చేసిన ప్రచారం అది, పోస్టర్ మీద ఉన్నది ఆయన ముఖమే. మైకు ఇస్తే కృతజ్ఞతలు చెప్తారని అందరం మొహాలు ఆనందంగా పెట్టుకుని కూర్చున్నాం. ఆయన గొంతు సవరించుకుని, 'పోస్టర్ బాగుంది. కింద ఫోన్ నంబర్ అంత సన్నగా వేశారేం? మాలాంటివాళ్లకి ఎలా కనపడుతుంది?' అన్నారు. హాలంతా నవ్వింది. మా డిజైనర్ మాత్రం నవ్వలేదు, ఫోన్ తీసి రాసుకుంది. రెండో ముద్రణలో ఆ నంబర్ పోస్టర్‌లో సగం ఆక్రమించింది.