ఫార్మాట్ కొట్టినా పోని ఎర్రర్

ప్రశ్న: సర్, మాది రాజాం. కాలేజీ ప్రాజెక్టు కోసం ల్యాబ్‌లో మూలన పడేసిన మూడు సిస్టమ్‌లకి ఉబుంటు వేసి కుబర్నెటీస్ (చాలా సిస్టమ్‌ల మీద కంటైనర్లని కలిపి నడిపించేది) క్లస్టర్ మొదలెట్టాం. డాకర్ వాళ్ల రిపాజిటరీ నుంచి కంటైనర్లని నడిపే రన్‌టైమ్ కంటైనర్‌డీ ఎక్కించాం, స్టేటస్ చూస్తే యాక్టివ్ అనే ఉంది. కానీ క్లస్టర్‌ని మొదలుపెట్టే కుబ్‌అడ్మిన్ ఇనిట్ కమాండ్ కొట్టగానే కంటైనర్ రన్‌టైమ్‌తో కుదరట్లేదని ఆగిపోతోంది. ఫార్మాట్ చేసి మళ్లీ వేసినా అంతే. రివ్యూ దగ్గరపడింది, టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఫార్మాట్లు ఆపండి బాబూ, ప్రతిసారీ అదే ప్యాకేజీ ఎక్కిస్తుంటే అదే ఎర్రర్ కాక ఇంకేం వస్తుంది! కంటైనర్‌డీ నిజంగానే నడుస్తోంది. అయితే కుబర్నెటీస్ దానితో మాట్లాడేది సీఆర్ఐ అనే ప్లగిన్ ద్వారా, డాకర్‌కి ఆ ప్లగిన్‌తో పనిలేదు కాబట్టి వాళ్ల ప్యాకేజీతో వచ్చే కాన్ఫిగ్ ఫైల్లో దాన్ని ఆపేసి ఇస్తారు. ఎర్రర్ చివర్లో 'అన్‌నోన్ సర్వీస్' అని ఉంటే ఇక అనుమానం అక్కర్లేదు. ఈటీసీ కింద కంటైనర్‌డీ ఫోల్డర్లో ఉన్న ఆ ఫైల్‌ని పక్కనపెట్టి, 'కంటైనర్‌డీ కాన్ఫిగ్ డిఫాల్ట్' కమాండ్ ఇచ్చేదాన్ని దాని స్థానంలో సేవ్ చేయండి.

అప్పుడే రీస్టార్ట్ కొట్టకండి. అందులోనే సిస్టమ్‌డీ సీగ్రూప్ (కంటైనర్లకి సీపీయూ, మెమరీ పంచే పని ఉబుంటులోని సిస్టమ్‌డీకి అప్పగించాలా వద్దా అనేది) అని ఒక లైన్ ఫాల్స్ అని ఉంటుంది, దాన్ని ట్రూ చేయాలి, ఎందుకంటే 1.22 వర్షన్ నుంచి కుబ్‌అడ్మిన్ మనం ఏమీ చెప్పకపోతే కుబ్‌లెట్‌కి (ప్రతి సిస్టమ్‌లో కుబర్నెటీస్ తరఫున కంటైనర్లని చూసుకునేది) సిస్టమ్‌డీనే పెడుతుంది, కంటైనర్‌డీ, కుబ్‌లెట్ చెరో దారి పట్టుకుంటే ఇనిట్ అయినట్టే అయ్యి, కాసేపటికి క్లస్టర్‌కి వచ్చే కమాండ్లు అందుకునే ఏపీఐ సర్వర్ పడిపోతూ లేస్తూ ఉంటుంది. నన్నడిగితే మొదటి ఎర్రర్ కంటే ఇదే ప్రమాదం, మొహం మీద చెప్పదు కదా. ఎక్కడో దొరికిన లైన్ తెచ్చి అతికించకుండా, ఫైల్లో ఉన్న లైన్‌నే వెతికి మార్చండి. కంటైనర్‌డీ 2.0లో ఆ సెక్షన్ పేరు మారింది, పాత పేరు కింద రాస్తే పట్టించుకోదు.

ఇప్పుడు కంటైనర్‌డీని రీస్టార్ట్ చేయండి. ఇదంతా మూడింట్లోనూ చేయాలి, క్లస్టర్‌ని నడిపించే మాస్టర్ సిస్టమ్ ఒక్కదాంట్లో చేసి ఊరుకోవద్దు. డాకర్ వేస్తే చాలనే పాత వీడియోలు చూడకండి, 2022లో వచ్చిన కుబర్నెటీస్ 1.24తోనే దాన్ని డాకర్‌తో కలిపే డాకర్‌షిమ్ తీసేశారు.

ఇంకొకటి, స్వాప్, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ జాగా. స్వాప్‌ఆఫ్ కమాండ్ ఒక్కటే కొడితే, కరెంటు పోయి వచ్చాక స్వాప్ మళ్లీ ఆన్ అయి కుబ్‌లెట్ లేవదు. బూట్ అయ్యేటప్పుడు సిస్టమ్ చదివే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో స్వాప్ లైన్‌కి కామెంట్ పెట్టి, రివ్యూకి ముందే ఒకసారి రీబూట్ చేసి చూసుకోండి.