ముఖంలో ప్లేట్లు వేశారు.. చెంపకు స్పర్శ లేదు, పళ్ల తీగలు తీయించేయొచ్చా?

ప్రశ్న: మా తమ్ముడికి 26 ఏళ్లు. బైక్‌కి గేదె అడ్డొచ్చి పడ్డాడు. హెల్మెట్ లేదు. ఎడమ చెంప ఎముక, పై దవడ, కింది దవడ విరిగాయి. వాపు తగ్గాలని వారం ఆగి ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. 12 రోజులైంది. పై పళ్లూ కింది పళ్లూ కలిపి తీగలు కట్టారు. జావతోనే ఉండి బాగా చిక్కిపోయాడు. ఎడమ చెంప, పై పెదవి మొద్దుబారే ఉన్నాయి. తీగలు ముందే తీయించవచ్చా? ప్లేట్లు మళ్లీ తీయాలా?

జవాబు: తీగల జోలికి మాత్రం వెళ్లకండి. ముఖం ముక్కలైనప్పుడు ఏ ఎముక ఎక్కడుండాలో మాకు చెప్పేవి పళ్లే. అవి మునుపటిలా ఒకదాని మీద ఒకటి కూర్చుంటే దవడలు వాటి చోటికి వచ్చినట్టే. అందుకే ఆపరేషన్‌లో ముందు పళ్లు కలిపి కట్టి, తర్వాతే ప్లేట్లు బిగిస్తాం. తొందరపడి విప్పితే దవడ పక్కకు జరిగి అలాగే అతుక్కోవచ్చు. అప్పుడు ఎముకను మళ్లీ కోయాల్సి వస్తుంది. 2 నుంచి 6 వారాల్లో ఎప్పుడు విప్పాలో మీ సర్జనే చెప్పాలి. ఆ తీగలు కత్తిరించే కట్టర్ ఒకటి అతని దిండు పక్కనే ఉంచండి. వాంతి వస్తే ముందుకు వంచండి, ఊపిరి ఆడకపోతే తీగలు కత్తిరించేయండి. ఏ తీగ కత్తిరించాలో ఆస్పత్రిలో ముందే చూపించమనండి.

ఇక మొద్దుబారడం. కంటి కింద ఎముకలో ఒక రంధ్రంలోంచి నరం బయటికొస్తుంది. కింది రెప్పకు, ముక్కు పక్కకు, పై పెదవికి స్పర్శనిచ్చేది అదే. చెంప ఎముక విరిగితే పగులు చాలాసార్లు ఆ రంధ్రం మీదుగానే పోతుంది. నలిగిన నరం కోలుకోవడానికి నెలలు పడుతుంది. కొందరికి కాస్త మొద్దు మిగిలిపోతుంది కూడా. చీమలు పాకినట్టు ఉందని అతను విసుక్కుంటే కంగారు పడకండి, అది నరం మేలుకుంటున్న లక్షణం. ఈలోగా పెదవి కాలినా తెలియదు కాబట్టి ఏదైనా గోరువెచ్చగానే ఇవ్వండి.

ఉత్త జావతో ఎముక అతకదు. పప్పన్నం నెయ్యి వేసి, ఉడికించిన గుడ్డు పాలతో కలిపి, చికెన్ సూప్ ముక్కలతో సహా మిక్సీ పట్టి వడకట్టండి. రెండు గంటలకోసారి ఉగ్గుగిన్నెతోనో సిరంజితోనో బుగ్గలోకి పోస్తే చివరి పళ్ల వెనక సందులోంచి లోపలికి పోతుంది. తాగిన ప్రతిసారీ ఉప్పునీళ్లతో పుక్కిలించి, పిల్లల బ్రష్‌తో తోమాలి. సిగరెట్, గుట్కా అలవాటుంటే ఇప్పుడే మానిపించండి. ముక్కు చీదకూడదు. తుమ్మొస్తే ముక్కు నొక్కి ఆపుకోకూడదు.

ప్లేట్లు టైటానియంవి. చీము పట్టినా, స్క్రూ వదులైనా తప్ప తీయక్కర్లేదు. ఎప్పుడైనా ఎమ్మారై తీయాల్సి వస్తే ప్లేట్ల సంగతి ముందే చెప్పండి.

చూపు మసకబారినా, కన్ను నొప్పితో ఉబ్బినా, వంగినప్పుడు ముక్కులోంచి నీళ్లలాంటి ద్రవం కారినా రేపటిదాకా ఆగొద్దు. ఒకటి రెండుగా కనిపించినా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

తీగలు విప్పగానే నోరు పెద్దగా తెరుచుకోదు. ఐస్‌క్రీమ్ పుల్లలు పళ్ల మధ్య పెట్టి, రోజుకొకటి పెంచుకుంటూ పోవాలి. అప్పటికి మెత్తటి అన్నం మొదలుపెట్టొచ్చు. తన మూడు వేళ్లు నిలువుగా నోట్లో పట్టినా, మటన్ ముక్క కొరకడానికి మాత్రం సర్జన్ ఒప్పుకోవాలి.

— ఓరల్ అండ్ మాక్సిలోఫేషియల్ సర్జన్