టానిక్ సంగతి తర్వాత, ఆ పొట్లాల మందు ఏమిటో ముందు తేలాలి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. కాకినాడలో కర్రీ పాయింటు నడుపుతున్నాను. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, మందంగా తయారైంది. ఏడాదిగా గజ్జల్లో, తొడల మీద తామర ఉంది. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము రాస్తే తగ్గుతుంది, మానేస్తే మళ్లీ వస్తుంది. పొట్ట మీద, తొడల లోపలివైపు ఎర్రటి చారలు పడ్డాయి. ఈమధ్య విపరీతమైన నీరసం, చెమటలు. తెల్లవారుజామున ఫ్యాను కింద పడుకున్నా బనీను తడిసిపోతోంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి, అన్నం సయించడం లేదు. పొయ్యి దగ్గర పని వల్లే ఇదంతా అనుకుంటున్నాను. మెడ నలుపు పోయే క్రీము, నీరసానికి మంచి టానిక్ లేదా విటమిన్ మాత్రలు చెప్పగలరు. మోకాళ్ల నొప్పులకు తెలిసినవాళ్లు తెచ్చిచ్చిన పొట్లాల మందు తొమ్మిది నెలలు వాడాను. ఒంటికి మంచిది కాదని ఎవరో అంటే మూడు వారాల కిందట ఆపేశాను. మా ఆవిడకూ తామర అంటుకుంది, అదే క్రీము రాస్తోంది.
- పేరు రాయవద్దని కోరిన పాఠకుడు

జవాబు: మీరు అడిగినవి రెండు, క్రీమూ టానికూ. ఆ రెండింటి పేర్లూ నేను చెప్పబోవడం లేదు. నన్ను కంగారు పెట్టింది చివర్లో మాటవరసకు రాసిన పొట్లాల మందు. తొమ్మిది నెలలు రోజూ మింగిన మందు, పైగా ఒక్కసారిగా ఆపేసిన మందు, అంత చిన్న విషయం కాదు.

అందులో ఏముందో చూడకుండా చెప్పలేను. కానీ మోకాళ్ల నొప్పులకు పేరూ చీటీ లేకుండా చేతులు మారే పొడులు, స్ట్రిప్పులోంచి విప్పేసి కాగితంలో కట్టిచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ బయటపడటం మాకు కొత్తేమీ కాదు. డెక్సామెథాసోన్ కావచ్చు, ప్రెడ్నిసొలోన్ కావచ్చు. గుర్తుపట్టడానికి కొన్ని ఆనవాళ్లున్నాయి. వేసుకున్న ఒకటి రెండు రోజుల్లోనే నొప్పి చేత్తో తీసేసినట్టు పోయిందా? ఆకలి బాగా పెరిగిందా? కొన్ని నెలలకు ముఖం గుండ్రంగా ఉబ్బి, పొట్ట ముందుకొచ్చి, కాళ్లూ చేతులూ మాత్రం సన్నబడ్డాయా? కింద కూర్చుంటే చేయి ఊతం లేకుండా లేవలేకపోతున్నారా? చిన్న దెబ్బకే చర్మం కమిలిపోతోందా? ఇవేవీ మీరు రాయలేదు. నిరుడు దిగిన ఫొటో ఒకటి తీసి అద్దం పక్కన పెట్టి చూసుకోండి. పొట్ట మీద ఎర్రటి చారలన్నారు కాబట్టి నా అనుమానం అటువైపే పోతోంది.

స్టెరాయిడ్ అయితే ఆపడం మంచిదే కదా అంటారు. ఆపాల్సిందే, కానీ ఇలా కాదు. కిడ్నీల పైన అడ్రినల్ అని రెండు చిన్న గ్రంథులుంటాయి. బీపీ, షుగరు నిలబడటానికీ, జ్వరమో దెబ్బో తగిలినప్పుడు ఒళ్లు తట్టుకోవడానికీ కావలసిన హార్మోన్ కార్టిసోల్‌ని అవే తయారుచేస్తాయి. మీ వ్యాపారం మీకు తెలుసు: వీధిలో కర్రీ పాయింటు బాగా నడిస్తే చుట్టుపక్కల ఇళ్లలో సాయంత్రం కూర వండటం మానేస్తారు. కార్టిసోల్ పనే చేసే స్టెరాయిడ్ బయటి నుంచి నెలల తరబడి వస్తుంటే ఈ గ్రంథులూ అంతే, పని మానేస్తాయి. మందు ఒక్కసారిగా ఆగిపోయినంత మాత్రాన అవి మర్నాడే లేచి కూర్చోవు. కొందరిలో వారాలు, కొందరిలో నెలలు పడుతుంది. ఈలోగా మనిషి నీరసపడిపోతాడు, ఆకలి చచ్చిపోతుంది, వికారంగా ఉంటుంది, నిలబడితే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. షుగరు తగ్గిపోతే చెమటలు పోస్తాయి. మీ ఉత్తరంలో ఉన్నవి దాదాపు ఇవే. మూడు వారాలకు మించి ఇలాంటి మాత్రలు వాడిన ఎవరి విషయంలోనైనా మేం ఈ కోణంలో ఆలోచిస్తాం. మీరు వాడింది తొమ్మిది నెలలు.

కాబట్టి ఈ వారం, వచ్చే వారం అనకుండా రేపే ఒక జనరల్ ఫిజీషియన్‌ని కలవండి. దగ్గర్లో ఎండోక్రైనాలజిస్టు, అంటే హార్మోన్ల డాక్టరు ఉంటే మరీ మంచిది. మిగిలిన పొట్లం ఒకటైనా ఉంటే పారేయకుండా పట్టుకెళ్లండి, క్రీము ట్యూబు కూడా. సిగ్గుపడి దాచకండి. ఇది మేం తిట్టడానికి అడిగేది కాదు, అది చూస్తేనే వైద్యం మొదలుపెట్టగలం. ఈలోగా వాంతులు మొదలైనా, జ్వరం వచ్చినా, తీవ్రమైన కడుపునొప్పి వచ్చినా, స్పృహ తప్పినా, మాట తడబడినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లిపోండి. వెళ్లగానే చెప్పాల్సిన మొదటి మాట, ‘నెలల తరబడి స్టెరాయిడ్ వాడి ఉండొచ్చు, మూడు వారాల కిందట ఆపేశాను’ అని. ఆ మాట ఇంట్లోవాళ్లకూ నేర్పి ఉంచండి, మీరు చెప్పే స్థితిలో లేకపోవచ్చు. సమయానికి పడే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షను ప్రాణం నిలబెడుతుంది. వట్టి నీరసమనుకుని సెలైన్ ఎక్కించి ఇంటికి పంపేస్తే ప్రమాదం.

ఇది చదివాక మీకో ఆలోచన వస్తుందని తెలుసు: మళ్లీ ఆ పొట్లమే వేసుకుంటే సరిపోతుంది కదా అని. వద్దు. అందులో ఏముందో, ఎంతుందో తెలియదు, నొప్పి మాత్ర కూడా కలిపి ఉండొచ్చు. అవసరమైతే మీ డాక్టరే లెక్క తెలిసిన మాత్ర రాసిచ్చి, మెల్లగా తగ్గిస్తూ మాన్పిస్తారు.

పరీక్షలు ఏవనేది మిమ్మల్ని చూసినవారు నిర్ణయిస్తారు. నేనైతే పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూస్తాను. రక్తంలో సోడియం, పొటాషియం, షుగరు, క్రియాటినిన్, పొద్దున 8 గంటలకు తీసిన రక్తంలో కార్టిసోల్ చూస్తాను. అది మధ్యస్తంగా వస్తే అడ్రినల్ గ్రంథుల్ని పనికి పురమాయించే ఏసీటీహెచ్ అనే హార్మోన్ ఇంజెక్షను ఇచ్చి గ్రంథులు ఏ మేరకు స్పందిస్తున్నాయో పరీక్షిస్తారు. మధ్యాహ్నం తీసిన కార్టిసోల్‌తో ఏమీ తేలదు, డబ్బు దండగ. అయితే మనిషి మరీ కుంగిపోయి ఉంటే రిపోర్టుల కోసం ఎదురుచూడం, వైద్యం ముందు మొదలవుతుంది.

ఇక చెమటలు. పొయ్యి దగ్గర పట్టే చెమట లెక్కలోది కాదు. తెల్లవారుజామున ఫ్యాను కింద బనీను తడిసిందన్నారే, అదే నాకు కావలసింది. షుగరు పడిపోవడం ఒక కారణమని పైన చెప్పాను. రెండోది క్షయ. నెలల తరబడి స్టెరాయిడ్ పడిన ఒంట్లో ఎప్పటి నుంచో నిద్రపోతున్న టీబీ లేచే అవకాశం ఎక్కువ. రాత్రి చెమటలు, సాయంత్రం పూట జ్వరం, బరువు తగ్గడం, రెండు వారాలు దాటిన దగ్గు - వీటిలో ఏది ఉన్నా, లేకపోయినా, మీకు ఛాతీ ఎక్స్‌రే తీయించమనే అంటాను. తెమడ పరీక్ష, మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితమే. మెడలో, చంకల్లో, గజ్జల్లో గడ్డలు తగులుతుంటే లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) లాంటివి కూడా చూసుకోవాలి. గజ్జల్లో తామర గోకి గోకి పుండుపడినా చిన్న గడ్డలు తగులుతాయి కాబట్టి చేత్తో నొక్కుకుని బెంగ పెట్టుకోకండి, పరీక్షించి చూసేవాళ్లకు వదిలేయండి.

థైరాయిడ్ ఎక్కువైనా చెమటలు పడతాయి, కానీ అందులో ఆకలి బాగుండి బరువు తగ్గుతుంది, గుండె దడ, వేళ్ల వణుకు ఉంటాయి. మీకు ఆకలే లేదు. థైరాయిడ్ తక్కువైతే నీరసమే గానీ చర్మం పొడిబారుతుంది, చెమట తగ్గుతుంది. ఎలాగూ రక్తం తీస్తారు కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ పరీక్ష కూడా చేయించొచ్చు. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులు కూడా చెమట పట్టిస్తాయి. ఒకటి మాత్రం విడిగా చెప్పాలి: ఎప్పుడైనా ఉన్నట్టుండి చల్లటి చెమటలు పోసి, ఛాతీలోనో దవడలోనో ఎడమ చేతిలోనో బరువుగా అనిపిస్తే, ఆయాసం వస్తే, గ్యాసని సోడా తాగుతూ కూర్చోవద్దు. షుగరు ఉన్నవాళ్లకు నొప్పి తెలియకుండానే గుండెపోటు రావచ్చు. గంటలోపు ఈసీజీ తీయించాలి.

షుగరు మాట వచ్చింది కాబట్టి మీ మెడ దగ్గరికొస్తాను. మెడ వెనక, చంకల్లో మఖమల్ గుడ్డ తడిమినట్టు నల్లగా, మందంగా మారితే దాన్ని మురికని పీచుతో రుద్దేవాళ్లు ఎందరో. అది మురికి కాదు. ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా సరిగా పనిచేయడం లేదనడానికి చర్మం మీద కనిపించే గుర్తు. స్టెరాయిడ్ ఈ పరిస్థితిని ఇంకా చెడగొడుతుంది. హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చూపే) పరీక్షలో 5.7 నుంచి 6.4 శాతం దాకా వస్తే షుగరు గుమ్మంలో ఉన్నట్టు, 6.5 గానీ ఆపైన గానీ వస్తే వచ్చినట్టే. లక్షణాలు లేకుండా అలా వస్తే ఇంకోసారి చేసి రూఢి చేసుకోవాలి. బరువు తగ్గి, షుగరు అదుపులోకి వస్తే ఆ నలుపు చాలావరకు దానంతటదే పలచబడుతుంది. తెల్లబరిచే క్రీములు దాని జోలికి వెళ్లలేవు, మంట పుట్టించి ఇంకా నల్లబరుస్తాయి.

నలుపులో ఇంకో రకముంది. అరచేతి గీతలు, వేళ్ల కణుపులు, చిగుళ్లు, పాత గాయాల మచ్చలు నల్లబడుతుంటే అది అడ్రినల్ గ్రంథులే దెబ్బతిన్న అడిసన్ జబ్బు కావచ్చు. థామస్ అడిసన్ అనే లండన్ వైద్యుడు 1855లో దీన్ని వర్ణించాడు. ఆ రోజుల్లో దీనికి పెద్ద కారణం క్షయ, మన దేశంలో ఇప్పటికీ అది ముఖ్యమైన కారణమే. స్టెరాయిడ్ మానేయడం వల్ల గ్రంథులు మందగించినప్పుడు మాత్రం ఈ నలుపు రాదు. అందుకే మీ డాక్టరు నోరు తెరవమంటే, అరచేతులు చూపించమంటే ఆశ్చర్యపోకండి.

ఇక మీ క్రీము. పేరు రాయలేదు గానీ తామరకని మందుల షాపులో చేతికిచ్చే ట్యూబుల్లో సగం కథ నాకు కంఠతా వచ్చు: ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయోటిక్, వాటితో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్, మూడూ కలిపి. స్టెరాయిడ్ దురదనూ ఎరుపునూ అణిచేస్తుంది కాబట్టి మూడో రోజుకే తగ్గిందనిపిస్తుంది. కింద ఫంగస్ హాయిగా పెరుగుతూనే ఉంటుంది. అందుకే మానగానే రెట్టింపై వస్తుంది, అంచులు చెరిగిపోయి అసలు తామరలాగే కనిపించదు, చర్మం డాక్టరు కూడా గీకి మైక్రోస్కోపు కింద చూసుకోవాల్సి వస్తుంది. క్లోబెటసాల్‌ని రెండు వారాలకు మించి, వారానికి 50 గ్రాములు మించి వాడవద్దని ఆ మందు సమాచార పత్రంలోనే ఉంటుంది. మీరు ఏడాది రాశారు, అదీ గజ్జల్లో. అక్కడి చర్మం పలచన, మందు చేతి మీద కన్నా ఎన్నో రెట్లు లోపలికి దిగుతుంది. తొడల లోపలి చారలు దీని పనే అయ్యుండొచ్చు. ఎరుపు కాలక్రమేణా తెల్లబడుతుంది, చార పూర్తిగా పోతుందని మాత్రం నేను మాటివ్వలేను. అంతలా రాసిన క్రీమే అడ్రినల్ గ్రంథుల్ని అణిచేయగలదు, పొట్లాలు దానికి తోడయ్యాయి.

ఇక్కడ కాస్త కోపంగానే రాస్తున్నాను, ఏమనుకోకండి. స్టెరాయిడ్ క్రీముల్ని చీటీ లేకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం వాటిని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా కౌంటరు మీద ‘దురద ట్యూబు’ అంటే వచ్చేస్తోంది. అమ్మేవారి తప్పు ఉంది, అడిగేవారిదీ ఉంది. మానగానే మళ్లీ వచ్చే తామరకు ఏడాది పాటు అదే ట్యూబు కొనడమేమిటి? మీ షాపులో నూనె వాసన మారితే ఆ రోజే పారబోస్తారు గదా! 2021లో కోవిడ్ రెండో వేవ్‌లో షుగరు మీదా స్టెరాయిడ్ మీదా అదుపు లేక బ్లాక్ ఫంగస్ ఎలా విరుచుకుపడిందో మనమంతా చూశాం. స్టెరాయిడ్ చెడ్డ మందు కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో కీళ్లవాతంతో మంచం పట్టిన రోగిని లేపి నడిపించింది ఆ మందే, ఆ పనికి 1950లో నోబెల్ బహుమతి వచ్చింది. ఉబ్బసంలో, కీళ్లవాతంలో, చర్మవ్యాధుల్లో నేనూ రోజూ రాస్తాను. ఎంత, ఎన్నాళ్లు, ఎలా ఆపాలి అన్న లెక్కతో రాస్తాను. మీ మోకాళ్లకు ఆ లెక్క లేకుండా పోయింది. అసలు 41 ఏళ్లకే మోకాళ్లెందుకు నొప్పి పుట్టాయో ఎవరూ చూడలేదు. రోజంతా నిలబడే పని, బరువు, యూరిక్ యాసిడ్, కీళ్లవాతం, ఏదైనా కావచ్చు. నీరసం తేలిన తర్వాత దాని సంగతి చూడాలి.

విటమిన్లంటారా, రక్తహీనత ఉందో లేదో, బీ12, డీ తక్కువయ్యాయో లేదో పరీక్షలో తెలిశాక వేసుకోండి. ముందే మొదలుపెడితే నష్టం మాత్ర వల్ల కాదు, ‘టానిక్ వాడుతున్నాగా’ అని ఇంకో నెల ఇంట్లో కూర్చుంటారు, అదీ నా భయం.

తామర వైద్యం వారాల తరబడి సాగుతుంది, ఈమధ్య మన దేశంలో ఫంగస్ మందు టెర్బినాఫిన్‌కు లొంగని ఫంగస్ కూడా ఎక్కువగానే కనిపిస్తోంది. కాబట్టి మాత్ర ఏదో, ఎన్నాళ్లో చర్మం డాక్టరే చెప్పాలి, లివరు పరీక్ష చూసుకుని. దురద ఆగినంత మాత్రాన మానకూడదు. తువ్వాళ్లు, లోదుస్తులు ఎవరివి వారివే, వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. తడి బనీను, తడి లుంగీతో పొయ్యి దగ్గర నిలబడొద్దు, మధ్యాహ్నం ఒకసారి మార్చుకోండి. ట్యూబు ఆపగానే నాలుగు రోజులు ఎరుపూ దురదా బాగా పెరుగుతాయి, దానికి భయపడి మళ్లీ రాయకండి.

మీ ఆవిణ్ణి వేరే రోజు తీసుకెళ్తాననకుండా అదే రోజు వెంటపెట్టుకెళ్లండి. ఒకరికి నయమై ఇంకొకరికి ఉంటే మళ్లీ అంటుకుంటుంది. ఆవిడ గర్భవతి అయినా, అయ్యే అవకాశమున్నా మాత్రలు రాసే ముందే డాక్టరుకు చెప్పాలి. ఆవిడ ఎన్నాళ్లుగా ఆ క్రీము రాస్తున్నారో, మోకాళ్ల పొట్లాలు ఆవిడ కూడా వేసుకున్నారో లేదో అదీ అడిగి తెలుసుకోండి.