టమ్మీ టక్ తర్వాత బొడ్డు మచ్చ: నలుపు సంగతి మెల్లగా చూసుకోవచ్చు, ఇరుకును మాత్రం ఆలస్యం చేయకూడదు

మీరు రాసింది చదివాను. టమ్మీ టక్ (పొట్ట మీది వదులు చర్మం తీసేసి బిగించే ఆపరేషన్) అయి నాలుగు నెలలు దాటింది, బొడ్డు చుట్టూ మచ్చ గుండ్రంగా నల్లబడింది, ముట్టుకుంటే గట్టిగా తగులుతోంది, దురద పెడుతోంది, పైగా బొడ్డు మునుపటికన్నా చిన్నదైనట్టుంది, ఇది దానంతటదే పోతుందా, మళ్లీ ఆపరేషన్ చేయించుకోవాలా అని అడిగారు. మీ అత్తమ్మ పసుపు రాయమంటున్నారని కూడా రాశారు.

మాది హన్మకొండ. రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట కండరాలు విడిపోయి, చిన్న బొడ్డు హెర్నియా కూడా ఉంటే హైదరాబాద్‌లో చేయించుకున్నాను. నేను డాక్టర్‌ని కాదు. నాకు జరిగింది, నా సర్జన్ విడమరిచి చెప్పింది మాత్రమే రాస్తున్నాను.

ముందు ఆ మచ్చ ఎందుకొచ్చిందో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. బొడ్డును కోసి తీసి ఇంకో చోట పెట్టారని చాలామంది అనుకుంటారు. అలా కాదు. బొడ్డు లోపల కాడతో పొట్ట గోడకు అంటుకునే ఉంటుంది. దాని చుట్టూ చర్మాన్ని గుండ్రంగా కోసి విడదీస్తారు, పై చర్మాన్ని కిందికి లాగి మిగిలింది తీసేస్తారు, ఆ కొత్త చర్మంలో రంధ్రం చేసి పాత బొడ్డును అందులోంచి బయటికి తెచ్చి కుడతారు. అంటే ఫుల్ టమ్మీ టక్ అన్నాక బొడ్డు చుట్టూ కుట్టు ఉండాల్సిందే. ఎవరి చేతిలో చేయించుకున్నా ఎంతో కొంత మచ్చ మిగులుతుంది.

మీ ప్రశ్నలో మూడు వేర్వేరు సంగతులున్నాయి: నలుపు, గట్టిదనం, ఇరుకు. మూడింటికీ కలిపి ఒకే క్రీమ్ వెతుక్కుంటే డబ్బులు దండగ.

నలుపు గురించి ఎక్కువ చెప్పను, అది అన్నిటికన్నా చిన్న సమస్య. మన రంగు చర్మానికి ఎక్కడ గాయమైనా నల్లబడటం మామూలే. మచ్చ పూర్తిగా నెమ్మదించడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. నాలుగో నెలలో కనిపించే రంగును చూసి బెంగపడొద్దు. చీరలో నడుము బయట ఉంటే ఎండ తగిలే చోట సన్‌స్క్రీన్ రాయండి. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే తెల్లబరిచే క్రీములు మాత్రం వద్దు. వాటిలో చాలావాటిలో స్టిరాయిడ్ ఉంటుంది, డాక్టర్ చెప్పకుండా రోజూ రాస్తే చర్మం పలచబడుతుంది.

గట్టిదనం దగ్గర కాస్త ఆగాలి. మొదటి నెలల్లో మచ్చ ఎర్రగా, ఉబ్బుగా, దురదగా ఉండటం సహజం. లోపల కొత్త కొలాజెన్ (చర్మాన్ని పట్టి ఉంచే పీచు లాంటి పదార్థం) పేరుకుంటూ ఉంటుంది, తర్వాత మెల్లగా సర్దుకుంటుంది. చూడాల్సింది ఒకటే: ఉబ్బు కుట్టు గీత మీదే ఉందా, గీత దాటి పక్క చర్మంలోకి పాకుతోందా? గీత మీదే ఉంటే చాలావరకు కాలంతో తగ్గుతుంది. పాకుతుంటే అది కెలాయిడ్ కావచ్చు, దానంతటది తగ్గడం కష్టం, కోసేసినా మళ్లీ వచ్చే గుణం ఉంది. చెవులు కుట్టించుకున్నచోటో, బీసీజీ టీకా వేసినచోటో మీకు గానీ మీ అమ్మగారి వాళ్లకు గానీ గడ్డలా పెరిగి ఉంటే ఆ సంగతి సర్జన్‌కు తప్పకుండా చెప్పండి.

నాకు పాకలేదు గానీ ఒక పక్క ఉబ్బు తగ్గలేదు. సిలికాన్ జెల్ రాయమన్నారు. గాయం పూర్తిగా మూసుకున్నాకే మొదలుపెట్టాలి, పలచగా రాయాలి, ఆరాకే బట్ట తగలాలి, కనీసం రెండు మూడు నెలలు వదలకుండా రాయాలి. బొడ్డు గుంతలో సిలికాన్ పట్టీ నిలవదు, అక్కడ జెల్లే సులువు. దాంతోపాటు వేలి కొసతో మచ్చ మీద నొక్కి పట్టి చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు మర్దన. పైపైన రుద్దితే లాభం లేదు, కింది పొర కదిలేలా నొక్కాలి. అది కూడా సర్జన్ సరే అన్నాకే.

అయినా ఆ పక్క దిగకపోతే మచ్చలోకే స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. నొప్పి ఉంటుంది, లేదని చెప్పను. గట్టి మచ్చలోకి మందు ఎక్కించాలి కదా. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి ఇస్తారు. ఉబ్బు దిగింది, దురద పోయింది, సూది పడ్డచోట చర్మం కొంచెం తెల్లబడింది. అలా జరగొచ్చని ముందే చెప్పారు కాబట్టి కంగారు పడలేదు.

ఇక ఇరుకు. మీరు దీన్ని చివర్లో ఒక ముక్కగా రాశారు గానీ, నన్నడిగితే ముందు చూపించుకోవాల్సింది ఇదే. ఏ మచ్చయినా మానుతూ ముడుచుకుంటుంది. గీతలా ఉన్న మచ్చ ముడుచుకుంటే పొట్టిదవుతుంది, గుండ్రటి మచ్చ ముడుచుకుంటే లంగా బొందు బిగించినట్టు మధ్య రంధ్రం మూసుకుపోతుంది. లోపల చెమట, నీళ్లు నిలిచి వాసన, దురద, ఫంగస్ మొదలవుతాయి. మే నెలలో మన వరంగల్ ఎండకు పొట్టకు బెల్టు కట్టుకుని తిరిగినవాళ్లకు ఈ బాధ వేరే చెప్పనక్కర్లేదు.

మచ్చ ఇంకా మెత్తగా ఉన్నప్పుడైతే రంధ్రం మూసుకోకుండా మెత్తటి సిలికాన్ ప్లగ్ లాంటిది పెట్టుకోమంటారు. కొందరు సర్జన్లు శుభ్రమైన గాజు గోలీ కూడా పెట్టిస్తారు. ఏ సైజు, రోజుకు ఎంతసేపు, ఎన్ని వారాలు అన్నది వాళ్లే చెప్పాలి. మీరే ఇంట్లో ఏదో ఒకటి దూర్చకండి, లోపల ఇరుక్కుంటే ఇంకో గొడవ. మచ్చ బాగా గట్టిపడ్డాక ప్లగ్‌తో అంత ఫలితం ఉండదు, అప్పుడు చిన్న ఆపరేషన్‌తో గుండ్రటి గీతను అక్కడక్కడా తెంపి వెడల్పు చేయాల్సి వస్తుంది. అందుకే ఈ నెలలోనే ఒకసారి వెళ్లి చూపించుకోండి. అందం కోసం చేసే సరిదిద్దడమైతే మామూలుగా ఏడాది ఆగమంటారు, తొందరేం లేదు.

పసుపు సంగతి. మీ అత్తమ్మది ప్రేమే, కాదనను. కానీ బొడ్డు గుంతలో పసుపు ముద్ద పెడితే అది ఎండి లోపలే అంటుకుంటుంది, తడి కింద చిక్కుతుంది, చీము వచ్చినా ఆ రంగులో కనిపించదు. కొబ్బరినూనె గాయం మానాక మర్దనకు వాడితే తప్పులేదు, అయితే పని చేసేది నూనె కాదు, వేలు. విటమిన్ ఇ క్యాప్సూల్ పిండి రాయమని ఎవరైనా చెబితే వదిలేయండి, మచ్చ తగ్గుతుందని రుజువు లేదు, కొందరికి దద్దుర్లు వస్తాయి.

రోజువారీ విషయాల్లో నాకు బాగా పనికొచ్చినవి రెండు. స్నానం తర్వాత మెత్తటి గుడ్డ కొసతో బొడ్డు గుంతను ఒత్తి ఆరబెట్టడం, రుద్దడం కాదు. రెండోది చీర కట్టు. కుచ్చిళ్లు దోపుకునే చోటు, బొందు బిగించే చోటు సరిగ్గా ఆ మచ్చల మీదికే వస్తాయి. బొందు బదులు వెడల్పు ఎలాస్టిక్ లంగా కుట్టించుకున్నాక ఆ ఒరుపు పోయింది.

మచ్చలోంచి దారం ముక్క మొన తేలితే భయపడకండి, లోపలి కుట్టు బయటికి వస్తోందంతే. లాగకుండా డాక్టర్‌తో కత్తిరించుకోండి. ఆపరేషనైన కొత్తలో బొడ్డు నల్లగా మాడినట్టవడం, ఎప్పుడైనా సరే దుర్వాసనతో చీము కారడం, ఎరుపు చుట్టూ పాకడం, జ్వరం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే వెళ్లాలి. హైదరాబాద్ దాకా పోలేకపోతే వరంగల్‌లోని ఎంజీఎం ప్రభుత్వాసుపత్రి అయినా, దగ్గర్లో ఉన్న సర్జన్ అయినా సరే. రక్తం సరిగా అందకపోతే బొడ్డు దెబ్బతింటుంది. పొగతాగేవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు, నాలా బొడ్డు హెర్నియా కూడా అదే ఆపరేషన్‌లో సరిచేయించుకున్నవాళ్లకు ఆ ముప్పు కాస్త ఎక్కువ.

వెళ్లే ముందు ఒక ఫోటో, ఆ తర్వాత అదే కిటికీ దగ్గర, అదే వెలుతురులో నెలకో ఫోటో తీసి పెట్టుకోండి. ఇరుకు పెరుగుతోందా, ఆగిందా అన్నది మాటల్లో చెప్పలేం, ఫోటోలు పక్కపక్కన పెడితే డాక్టర్‌కు తెలిసిపోతుంది. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే అది కూడా అక్కడే చెప్పండి. అలాంటప్పుడు అందం కోసం చేసే రెండో ఆపరేషన్‌ను కాన్పు తర్వాతికి వాయిదా వేయమంటారు.