ముందు కారణం రాయమనండి

ప్రశ్న: మారతహళ్లిలో ఒక పీయూ (మన ఇంటర్ లాంటిది) కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను. ఫస్ట్ పీయూ పిల్లలు డౌట్లు చర్చించుకుంటారని వాట్సాప్ గ్రూపు పెట్టాను. కొందరు లెక్క ఫొటో పెడతారు, ఇద్దరు పరిష్కారం ఫొటో పెడతారు, మిగతావాళ్లు థాంక్స్ అని కాపీ చేసుకుంటారు. గ్రూపు మూసేయమంటారా సర్?
– ఓ అధ్యాపకురాలు, బెంగళూరు

జవాబు: మూసేయకండమ్మా. అందులో పడుతున్న ప్రశ్నల తీరు మార్చండి. "ఘర్షణ గుణకం 0.2 అయితే త్వరణం ఎంత?" అని అడిగితే, ఒకరు జవాబు పెట్టాక మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? అంకెలు లేని ప్రశ్న వేయండి. నేను ఏటా మొదట వేసేది ఇది: బంతిని నిట్టనిలువుగా పైకి విసిరాం. చేతిని వదిలి పైకి వెళ్తుండగా దాని మీద ఏయే బలాలు ఉన్నాయి? గాలి సంగతి వదిలేయండి.

"పైకి వెళ్తోంది కదా, పైకి బలం ఉంటుంది" అని చాలామంది రాస్తారు. న్యూటన్ నియమాలు మూడూ గడగడా అప్పజెప్పే పిల్లలు కూడా. తప్పని వెంటనే చెప్పకండి. "చేయి వదిలేసింది కదా, ఆ బలం ఎవరిస్తున్నారు?" అని ఒక్క ముక్క రాసి ఆ రాత్రికి ఊరుకోండి. "విసిరిన బలం కొంచెం కొంచెంగా అయిపోతుంది" అని ఒకరంటారు. "అంతవరకూ అది ఎక్కడుంది?" అని ఇంకొకరు అడుగుతారు. చేయి ఇచ్చి పంపింది వేగాన్ని, ఆ తర్వాత బంతి మీద ఉన్నది కిందికి లాగే గురుత్వ బలం ఒక్కటే అని తోటి పిల్లలు చెబితే బాగా పట్టుకుంటారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1991లో మొదలుపెట్టిన 'పీర్ ఇన్‌స్ట్రక్షన్' పద్ధతికి ఆయువుపట్టు ఇదే. ముందు ఎవరి జవాబు వాళ్లు చెప్పాలి, తర్వాత పక్కవాళ్లను ఒప్పించాలి.

వాట్సాప్‌లో మొదటి జవాబు అందరికీ కనబడిపోతుంది. ఆన్‌లైన్‌లో క్లాసు నడుపుకునే 'మూడుల్' అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. అందులో 'క్యూ అండ్ ఏ' రకం చర్చ పెడితే, తన జవాబు రాసేదాకా ఇతరులవి కనబడవు. అది కుదరకపోతే జవాబులు మీకే విడిగా పంపమని చెప్పి, ఒకదానికొకటి పొసగని రెండింటిని పేర్లు తీసేసి గ్రూపులో పెట్టండి.

అప్పట్లో మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్న గెర్డ్ కోర్టమయర్ ఆన్‌లైన్ హోంవర్క్ చర్చలను పరిశీలించి 2006లో ఒక వ్యాసం ప్రచురించారు. భావనల గురించి మాట్లాడుకునే పిల్లలకు గ్రేడ్లు మెరుగ్గా ఉన్నాయి. ఎలాగోలా జవాబు రాబట్టడం గురించే మాట్లాడుకున్నవాళ్లలో దానికి తలకిందులుగా కనిపించింది. మీ గ్రూపు ఇప్పుడున్నది ఈ రెండో దారిలో.

మన బెంగళూరు క్లాసుల్లో ఇంకో సంగతి ఉంది, నాకు చాలా ముఖ్యమైనది. అనంతపురం, చిత్తూరు వైపు నుంచి వచ్చిన తెలుగు మీడియం పిల్లలు ఇంగ్లిష్‌లో రాయాలంటే టెన్షన్ పడి అసలు రాయరు. కన్నడ మీడియం పిల్లలూ అంతే. ఏ భాషలో, ఏ లిపిలో రాసినా రాయనివ్వండి. "మెట్రో కదలగానే నన్నెవరూ వెనక్కి తొయ్యలేదు సార్, నా కాళ్లు ముందుకెళ్లాయి, నేను వెళ్లలేదు" అని మా క్లాసులో ఒక అమ్మాయి రాసింది. జడత్వం గురించి ఇంత మంచి వాక్యం నేను ఏ పాఠ్యపుస్తకంలోనూ చూడలేదు. ఇంగ్లిష్‌లోనే రాయాలని పట్టుబట్టి ఉంటే ఆ పిల్ల పెదవి విప్పేది కాదు.

అందరికీ మీరే జవాబు రాయక్కర్లేదు. మర్నాడు క్లాసు మొదట్లో ఆ రెండు జవాబులూ చదివి, చేతులెత్తించి, అప్పుడు బోర్డు మీద బలాల బొమ్మ గీయండి. మార్కులు ఇస్తే కారణం రాసినందుకే ఇవ్వండి, అది తప్పయినా సరే. పరిష్కారం ఫొటోలకు వేరే గ్రూపు పెట్టుకుంటామంటే పెట్టుకోనివ్వండి, మీరు మాత్రం అందులో చేరకండి.